బండి బీమాలో ఊరికి వాటా ఉందా? బీజాపూర్ రోడ్డు నుంచి ఒక సమీక్ష

2025 నవంబరు 3, సోమవారం పొద్దున. తాండూరు నుంచి హైదరాబాద్ వస్తున్న ఆర్టీసీ బస్సును చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ ఢీకొట్టింది. లోడంతా బస్సులోకి ఒరిగిపోయి సీట్లలో ఉన్నవాళ్లు కంకర కింద కూరుకుపోయారు. ఇద్దరు డ్రైవర్లతో కలిపి 19 మంది ప్రాణాలు పోయాయి. మృతుల కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం 5 లక్షలు, ఆర్టీసీ 2 లక్షలు ప్రకటించాయి. ప్రధాన మంత్రి సహాయ నిధి నుంచి మరో 2 లక్షలు ప్రకటించారు.

ఆ రోజు పని చేసినవి ఎక్కువగా ప్రజల సొమ్ముతో నడిచే సేవలే. 108 అంబులెన్సులు, చేవెళ్ల ప్రభుత్వాసుపత్రి, శవపరీక్షలు, పోలీసులు, కంకర తోడిన యంత్రాలు, ఎక్స్‌గ్రేషియా అన్నిటికీ చాలావరకు ఖజానాయే దిక్కయింది. రోడ్డు మీద తిరిగే దాదాపు ప్రతి వాహనానికీ థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి అని చట్టం చెబుతోంది. ఆ బీమా మీద ప్రభుత్వం పన్ను కూడా వసూలు చేస్తోంది. అయినా ప్రమాదం జరిగిన తొలి గంటల్లో బీమా సొమ్ము పెద్దగా కనబడదు. వకీలును పెట్టుకుని, ఎల్బీనగర్‌లోని రంగారెడ్డి జిల్లా కోర్టు చుట్టూ తిరిగాక ఎప్పటికో చేతికొస్తుంది. చేవెళ్ల నుంచి ఎల్బీనగర్ వెళ్లాలంటే నగరాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు దాటాలి.

మోటారు బీమాతో పాటే కొంత రుసుము వసూలు చేసి అంబులెన్సుకూ, అత్యవసర వైద్యానికీ ఖర్చు పెట్టాలన్న వాదన ఈ పరిస్థితి నుంచే పుట్టింది. ప్రపంచంలో చాలా చోట్ల ఆ పద్ధతి అమల్లో ఉంది. మనకూ సగం ఉంది, సగం లేదు. ఉన్న సగం ఏమిటో, లేని సగం తెచ్చుకుంటే లాభమెంతో, నష్టమెంతో ఇక్కడ చూద్దాం.

ఈ రోడ్డు సంగతి

హైదరాబాద్–బీజాపూర్ జాతీయ రహదారి 163 మొయినాబాద్, చేవెళ్ల మండలాల నడుమ నుంచి పోతుంది. తాండూరు నాపరాయి, సిమెంటు, కంకర అన్నీ ఈ దారినే నగరానికి వస్తాయి. చేవెళ్ల పల్లెల కూరగాయలు, పూలు కూడా ఈ దారి మీదే తెల్లవారకముందు బయలుదేరతాయి. శని, ఆదివారాల్లో చిలుకూరు బాలాజీ భక్తులూ, మొయినాబాద్ ఫాంహౌసుల కార్లూ తోడవుతాయి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల రక్షణకు 1996 మార్చి 8న వచ్చిన జీవో 111 ఈ ప్రాంతంలో పెద్ద నిర్మాణాలను అడ్డుకుంది. కార్లను మాత్రం ఏ జీవో ఆపలేదు.

అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా సుమారు 46 కిలోమీటర్లను నాలుగు వరుసలు చేయాలన్న పని ఏళ్ల తరబడి సాగలేదు. దారి పొడవునా ఉన్న 900 పైచిలుకు మర్రిచెట్ల కోసం పర్యావరణవాదులు జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లారు. చెట్లను కాపాడుతూనే రోడ్డును వెడల్పు చేసే మార్గం వెతకడంలో కాలం గడిచింది. ఈలోగా 2024 డిసెంబరులో ఆలూరు దగ్గర రోడ్డు పక్కన కూరగాయలు అమ్ముకుంటున్నవాళ్ల మీదికి లారీ దూసుకెళ్లి నలుగురు చనిపోయారు. ఏడాది తిరగకముందే మీర్జాగూడ.

బీమా భాషలో ఆలూరులో కూరగాయలు అమ్ముకుంటున్న రైతు 'మూడో పక్షం'. ఆయన ప్రీమియం కట్టలేదు, పాలసీ చూడలేదు. అయినా ఆ పాలసీ ఉన్నదే ఆయన కోసం. థర్డ్ పార్టీ బీమాను బండి యజమాని సొంత వ్యవహారమని ఎవరైనా అంటే ఆలూరు గుర్తుచేయాలి.

కట్టే డబ్బులో ఏముంది

మోటారు వాహనాల చట్టం, 1939లోని బీమా నిబంధన 1946 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఇప్పుడున్నది 1988 చట్టం, అందులో 146వ సెక్షన్. థర్డ్ పార్టీ ప్రీమియాన్ని కంపెనీలు ఇష్టం వచ్చినట్టు పెట్టుకోవు, కేంద్రమే నిర్ణయిస్తుంది. 2022 జూన్ 1 నుంచి వచ్చిన రేట్ల ప్రకారం 75 నుంచి 150 సీసీ బైకుకు ఏడాదికి 714 రూపాయలు. 1000 నుంచి 1500 సీసీ కారుకు 3,416. 20 టన్నులు దాటి 40 టన్నుల లోపు బరువున్న సరుకు వాహనానికి 43,950. సుప్రీంకోర్టు ఆదేశంతో 2018 సెప్టెంబరు నుంచి కొత్త బైకుకు ఐదేళ్లకూ, కొత్త కారుకు మూడేళ్లకూ ఒకేసారి థర్డ్ పార్టీ ప్రీమియం కట్టాలి. 75–150 సీసీ కొత్త బైకుకు ఐదేళ్ల మొత్తం 3,851.

దీని మీద జీఎస్టీ 18 శాతం. ఆ కొత్త బైకు మీద 693 రూపాయలు పన్నుకే పోతాయి. జీఎస్టీలో సగం కేంద్రానిది, సగం రాష్ట్రానిది. అంటే షోరూం గడప దాటకముందే ఆ బైకు బీమా మీద రాష్ట్రం వాటా దాదాపు 347 రూపాయలు. ఈ డబ్బుకు అంబులెన్సుతో గానీ, ఆసుపత్రితో గానీ చట్టపరమైన సంబంధం ఏమీ లేదు. మొత్తం రాబడిలో కలిసిపోతుంది.

పన్ను రేటులో ఇంకో విశేషం ఉంది. సరుకు రవాణా వాహనాల థర్డ్ పార్టీ ప్రీమియం మీద జీఎస్టీని 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు. అది 2025 సెప్టెంబరు 22న అమల్లోకి వచ్చింది, మీర్జాగూడ ప్రమాదానికి సరిగ్గా ఆరు వారాల ముందు. 43,950 ప్రీమియం మీద పన్ను 5,274 నుంచి 2,198కి దిగింది. రవాణా ఖర్చు తగ్గితే సరుకు ధర తగ్గుతుందన్నది ఇందులోని తర్కం. చిన్న లారీ యజమానికి అది నిజమైన ఊరటే, దాన్ని తప్పుపట్టలేం. కానీ కూలి పనికి వెళ్లే మనిషి బైకు బీమా మీద 18 శాతం, టిప్పర్ బీమా మీద 5 శాతం అన్న చిత్రంలో ఒకటి స్పష్టం. ఈ పన్ను ఆలోచనలో రోడ్డు మీది హాని అన్న లెక్కే లేదు.

చట్టం నడిచిన దూరం

ఢీకొట్టి పారిపోయిన వాహనం దొరకనప్పుడు బాధితుడికి ఎవరు ఇవ్వాలి? బీమా రంగం సొమ్మును ఉమ్మడి అవసరానికి వాడటం ఈ ప్రశ్నతోనే మొదలైంది. 1982 సవరణతో ఒక ఊరట నిధి ఏర్పడింది. చాలాకాలం ఆ సొమ్ము మరణానికి 25,000, తీవ్ర గాయానికి 12,500 దగ్గరే నిలిచిపోయింది. 2022 ఏప్రిల్ 1 నుంచి అది 2 లక్షలు, 50 వేలకు పెరిగింది.

2019 సవరణ ఇంకొంత దూరం వెళ్లింది. 164-బి సెక్షన్ కింద మోటారు వాహన ప్రమాద నిధి వచ్చింది. తొలి కీలక గంటలో నగదు లేకుండా చికిత్స అందించే పథకం పెట్టాలని 162వ సెక్షన్ ఆదేశించింది. పథకం మాత్రం వెంటనే రాలేదు. 2024 మార్చిలో చండీగఢ్‌లో ప్రయోగాత్మకంగా మొదలైంది. 2025 జనవరిలో సుప్రీంకోర్టు గడువు పెట్టి తొందరపెట్టింది. చివరకు 2025 మే 5న దేశమంతటికీ నోటిఫికేషన్ వెలువడింది. ప్రమాదంలో గాయపడిన ప్రతి ఒక్కరికీ ఏడు రోజుల వరకు, గరిష్ఠంగా 1.5 లక్షల రూపాయల చికిత్స. నిర్దేశిత ఆసుపత్రిలో అయితే పూర్తి వైద్యం, వేరే ఆసుపత్రిలో అయితే ప్రాణం నిలబెట్టేంత వరకే.

డబ్బు ఎక్కడిదన్నది మన చర్చకు ముఖ్యం. ప్రమాదం చేసిన బండికి బీమా ఉంటే బీమా కంపెనీల చందాతో ఏర్పడిన ఖాతా నుంచి చెల్లిస్తారు. బీమా లేకపోతే, బండి దొరకకపోతే ప్రభుత్వ సొమ్ము నుంచి. ఇదే మనకున్న 'సగం'. బీమా రంగం నుంచి కొంత సొమ్మును పక్కకు తీసి, తప్పెవరిదో తేలకముందే గాయపడ్డవారి వైద్యానికి పెట్టడమన్న సూత్రాన్ని భారత చట్టం ఒప్పేసుకుంది.

లేని సగం రాష్ట్రం వైపు ఉంది. 108 బండి, ప్రభుత్వాసుపత్రి క్యాజువాలిటీ, ఎముకల డాక్టరు, రక్తనిధి రాష్ట్రం నడపాల్సినవి. ఏడు రోజుల తర్వాత మంచాన పడ్డ మనిషి భారం కూడా ఆరోగ్యశ్రీ మీదో, కుటుంబం మీదో పడుతుంది. తలకు దెబ్బ తగిలినవాడికి 1.5 లక్షలు ఎన్నాళ్లొస్తాయో కార్పొరేట్ ఆసుపత్రి బిల్లు చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు.

చేవెళ్లకు ఈ విషయంలో ఒక రాజకీయ చరిత్ర ఉంది. 2003 ఏప్రిల్ 9న వై.ఎస్. రాజశేఖరరెడ్డి పాదయాత్ర ఇక్కడి నుంచే మొదలైంది. ఆయన ముఖ్యమంత్రి అయ్యాక 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 ప్రారంభమైంది, 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకు పెరిగింది. రెండూ జనం గుండెల్లో చోటు సంపాదించిన సేవలే. రెండూ ఏటా బడ్జెట్ కేటాయింపు మీద బతికేవే. బిల్లులు ఆగినప్పుడల్లా ప్రైవేటు ఆసుపత్రులు సేవలు నిలిపేస్తామని నోటీసులివ్వడం మనం పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. ప్రమాదాలకు సెలవు లేదు కాబట్టి, వాటి వైద్యానికి ఆగని ఆదాయం ఉండాలన్న వాదనకు ఇక్కడే బలం.

ఆర్టీసీ వెసులుబాటు

146వ సెక్షన్ మూడో ఉపవిభాగం ప్రభుత్వ రవాణా సంస్థలకు బీమా నుంచి మినహాయింపు ఇవ్వొచ్చంటుంది. షరతు ఒక్కటే: బాధితులకు చెల్లించడానికి సంస్థ సొంత నిధి పెట్టుకోవాలి. నిజాం కాలంలో 1932 జూన్‌లో 27 బస్సులతో మొదలైన ప్రభుత్వ రవాణాకు వారసురాలైన మన ఆర్టీసీ తన సొంత బస్సులకు ఈ దారినే పోతోంది. అద్దె బస్సులకు వాటి యజమానులు బీమా చేయించాలి.

సూత్రంగా ఇది మంచిదే. వేల బస్సులున్న సంస్థ ప్రీమియం కట్టి కంపెనీకి లాభం ఇచ్చే బదులు తన నిధి తాను పెంచుకోవచ్చు. ఆచరణలో నిధి బలం సంస్థ ఆరోగ్యాన్ని బట్టి ఉంటుంది. జీతాలకే తడుముకునే రోజుల్లో ప్రమాద పరిహారం వెనక్కి పోతుంది. పరిహార ట్రిబ్యునల్ తీర్పు ఇచ్చినా డబ్బు రాక, బాధితులు బస్సులను జప్తు చేయించిన ఉదంతాలు తెలుగు జిల్లాల కోర్టుల్లో కొత్త కాదు. 2022లో ఆర్టీసీ టికెట్ మీద భద్రతా సెస్సు, డీజిల్ సెస్సు అంటూ అదనపు వడ్డనలు పడ్డాయి. ప్రయాణికుడు ఆ రూపాయి ఇచ్చాడు. అది ఏ ఖాతాలో పడి ఏ పనికి ఖర్చయిందో చెప్పే చీటీ మాత్రం అతని చేతికి రాలేదు.

బయటి దేశాలు

ఇతర దేశాల పద్ధతులను నాలుగు రకాలుగా చూడొచ్చు.

మొదటిది, ప్రీమియంలోంచి నేరుగా ఆరోగ్య శాఖకు వాటా. ఇటలీలో తప్పనిసరి వాహన బీమా ప్రీమియం మీద 10.5 శాతం జాతీయ ఆరోగ్య సేవకు చందాగా పోతుంది. దానికి తోడు ప్రావిన్సులకు చేరే 12.5 శాతం మూల పన్ను ఉంది. లెక్క సులువు, రాబడి నికరం. బీమా ఖరీదు పెరగడం దీని దోషం.

రెండోది, రిజిస్ట్రేషన్‌తో కలిపి వసూలు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 1987 నుంచి రవాణా ప్రమాదాల కమిషన్ ద్వారా ఇలా చేస్తోంది. చిలుకూరులో ప్రదక్షిణలు చేసి వీసా తెచ్చుకుని మెల్‌బోర్న్ చేరిన మన కుర్రాడు అక్కడ కారు రిజిస్ట్రేషన్ కట్టినప్పుడు ఈ రుసుము కూడా కట్టేస్తాడు. ప్రమాదం జరిగితే తప్పెవరిదన్న దానితో పని లేకుండా వైద్యం ఖర్చు కమిషన్ భరిస్తుంది. 1989 నుంచి అదే కమిషన్ మద్యం తాగి నడపడం మీద, వేగం మీద ఒళ్లు జలదరించే ప్రకటనలు వేస్తోంది. ప్రమాదాలు తగ్గితే మిగిలేది తన డబ్బే కాబట్టి ఆ శ్రద్ధ. కెనడాలోని క్విబెక్ 1978 నుంచి శరీర గాయాలకు ఇలాంటి ప్రభుత్వ బీమానే నడుపుతోంది. న్యూజిలాండ్ 1974 ఏప్రిల్ 1న మొదలెట్టిన ప్రమాద పరిహార వ్యవస్థ రిజిస్ట్రేషన్ నుంచీ, పెట్రోలు నుంచీ రుసుము తీసుకుంటుంది. బదులుగా అక్కడ గాయానికి పరిహారం కోసం కోర్టుకెక్కే హక్కును దాదాపు వదులుకున్నారు.

మూడోది, ఇంధనం మీద. దక్షిణాఫ్రికా ప్రమాద నిధికి లీటరుకు రెండు రాండ్ల పైచిలుకు వస్తుంది. తప్పించుకునేవాడు లేడు. అయినా ఆ నిధి దశాబ్దాలుగా లోటులో మునిగి ఉంది. తప్పెవరిదో తేల్చాకే పరిహారం, కోర్టులు నిర్ణయించే పెద్ద మొత్తాలు, మధ్యలో వకీళ్ల ఫీజులు కలిసి ఎంత వచ్చినా చాలదు. ఎంత వసూలైందన్నది ఒక్కటే నిధిని నిలబెట్టదని, దేనికి ఎంత ఇస్తామో ముందే రాసుకోవాలని ఆ దేశం నేర్పింది.

నాలుగోది, ముందు సేవ, తర్వాత బిల్లు. బ్రిటన్‌లో బీమా ప్రీమియం పన్ను 1994లో 2.5 శాతంతో మొదలై ఇప్పుడు 12 శాతానికి చేరింది. అది మన జీఎస్టీలాగే ఖజానాలో కలుస్తుంది. దానికి విడిగా, ప్రమాద బాధితుడికి పరిహారం అందినప్పుడు అతనికి ప్రభుత్వాసుపత్రిలో అయిన వైద్యం ఖర్చునూ, అంబులెన్సు ఖర్చునూ బీమా కంపెనీ నుంచి నిర్ణీత రేట్లలో రాబడతారు. ఆ డబ్బు ఆసుపత్రికే చేరుతుంది.

తెలంగాణకు ఈ నాలుగో పద్ధతి చాలా దగ్గరి దారి అనిపిస్తుంది. చేవెళ్ల ఆసుపత్రిలో చేసిన చికిత్సకు, 108 నడిచిన దూరానికి బీమా కంపెనీ మీద ప్రభుత్వం బిల్లు వేయదు. బాధితుడు ప్రైవేటు ఆసుపత్రికి వెళ్తే ఆ ఖర్చు క్లెయిములో చేరుతుంది. ప్రభుత్వాసుపత్రికి వెళ్తే వైద్యం ఉచితం కాబట్టి కంపెనీకి ఆ మేరకు ఆదా. పేదవాడికని పెట్టిన ఉచిత వైద్యం లాభం బీమా కంపెనీకి చేరుతోంది.

రాష్ట్రం చేయగలదా

రాజ్యాంగంలో బీమా కేంద్ర జాబితాలోది. రాష్ట్ర శాసనసభ బీమా ప్రీమియం మీద నేరుగా సెస్సు వేస్తే కోర్టులో నిలబడటం కష్టం. వాహనాల మీద పన్ను రాష్ట్ర జాబితాలోది. ఆసుపత్రులు, ప్రజారోగ్యం కూడా రాష్ట్రానివే. ఖర్చు రాష్ట్రానిది, దానికి సహజమైన ఆదాయ మార్గం కేంద్రానిది. అందుకే రాష్ట్రాలు బండి కొన్నప్పుడు కట్టే లైఫ్ ట్యాక్స్ వైపు చూస్తాయి. రవాణా కార్మికుల సంక్షేమం కోసం కర్ణాటక వాహనాల మీద సెస్సు వేసింది. తెలుగు రాష్ట్రాల్లోనూ రోడ్డు భద్రత పేరిట సెస్సు మాట వినబడుతోంది.

రుసుముకూ పన్నుకూ తేడాను సుప్రీంకోర్టు 1954లో శిరూర్ మఠం కేసులో చెప్పింది. పన్నుకు బదులు ఫలానా సేవ చేయాలన్న కట్టుబాటు లేదు, రుసుముకు ఉంది. తర్వాతి తీర్పులు ఆ గీతను కొంత సడలించినా మూలం మారలేదు. ప్రమాద బాధితుల కోసమని వసూలు చేస్తే ఆ సేవ కనబడాలి.

కేంద్రం కొత్తగా ఏమీ ఇవ్వకపోయినా రాష్ట్రం తన చేతిలోనే చేయగలిగినవి రెండున్నాయి. మోటారు బీమా మీద వచ్చే రాష్ట్ర జీఎస్టీ వాటాకు సమానమైన సొమ్మును ఏటా బడ్జెట్‌లో అత్యవసర వైద్యానికి విడిగా కేటాయించడం ఒకటి. ప్రభుత్వాసుపత్రులు బీమా కంపెనీలకు బిల్లు పంపే ఏర్పాటు కోసం కేంద్రాన్ని అడగడం రెండోది. మొదటిదానికి కొత్త పన్ను అక్కర్లేదు, కొత్త చట్టమూ అక్కర్లేదు.

తమిళనాడు 2021 డిసెంబరులో ఇలాంటి చొరవే చూపింది. రాష్ట్రంలో ఎక్కడ ప్రమాదం జరిగినా, గాయపడినవారు ఏ రాష్ట్రం వారైనా, తొలి 48 గంటల వైద్యాన్ని ప్రభుత్వమే భరించే పథకం తెచ్చింది. తిరుపతి నుంచి చెన్నై వెళ్లే మనవాళ్లకూ అది వర్తిస్తుంది. కేంద్ర పథకం కంటే మూడేళ్లు ముందే వచ్చింది. డబ్బు మాత్రం రాష్ట్ర ఖజానాదే.

సెస్సు చరిత్ర

పేరు పెట్టి వసూలు చేసిన డబ్బు పేరున్న పనికే పోతుందా? దీనికి జవాబు మన ఇంటి పన్ను రసీదులోనే ఉంది. 1960 గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. పంచాయతీ, మున్సిపాలిటీ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు ఇవ్వాలి. వసూలు ఠంచనుగా సాగుతుంది. ఇవ్వడం మాత్రం ఏళ్లకేళ్లు బకాయి. జనం కట్టిన డబ్బు ఉండగానే లైబ్రరీలో పత్రికల బిల్లు ఆగిన ఊళ్లు రెండు రాష్ట్రాల్లోనూ ఎన్నో.

కాబట్టి ఖాతా ఎవరి చేతిలో ఉందన్నది సెస్సు శాతం కంటే పెద్ద ప్రశ్న. వసూలు చేసే చోటే డబ్బు రెండుగా చీలి, ఒక భాగం నేరుగా నిధికి చేరాలి. నెలకు ఎంత వచ్చింది, ఏ ఆసుపత్రికి ఎంత వెళ్లిందన్న లెక్క జనానికి కనబడాలి. కాగ్ తనిఖీ ఉండాలి. ఇవి లేని రోడ్డు భద్రతా సెస్సు లైఫ్ ట్యాక్స్‌కు మరో పేరు మాత్రమే.

ఎవరు కట్టాలి, ఎవరు తప్పించుకుంటున్నారు

బీమాతో ముడిపెట్టి రుసుము వేయడం మీద ఒక గట్టి అభ్యంతరం ఉంది. దేశంలో తిరిగే వాహనాల్లో సగానికి పైగా బీమా లేనివేనని పార్లమెంటరీ స్థాయీ సంఘమే ఎత్తిచూపింది. అందులో ఎక్కువ భాగం బైకులు. ఐదేళ్ల తొలి పాలసీ అయిపోయాక మళ్లీ కట్టేవాళ్లు తక్కువ. దొరికితే తొలిసారి జరిమానా 2,000. ఆ దొరకడం కూడా అరుదే. ఇప్పుడు బీమా మీద ఇంకో వంద వడ్డిస్తే కట్టేవాడి మీద భారం పెరుగుతుంది, కట్టనివాడికి కట్టకపోవడానికి ఇంకో కారణం దొరుకుతుంది. ఇటలీ పద్ధతిని ఇక్కడ దించుకుంటే జరిగేది ఇదే.

పెట్రోలు మీద వేస్తే ఎవరూ తప్పించుకోలేరు. కానీ ఇంధనం మీద ఇప్పటికే కేంద్ర రోడ్డు, మౌలిక సదుపాయాల నిధికి సెస్సు పోతోంది. పైగా రాష్ట్ర వ్యాట్ ఉంది. ఇక్కడ ఒక విభజన పెట్టుకుంటే చర్చ తేటపడుతుంది: రోడ్డుకు ఇంధన సెస్సు, గాయానికి బీమా సొమ్ము. బీజాపూర్ రోడ్డు వెడల్పు చేయడానికి, డివైడర్ కట్టడానికి వాహనదారుడు పంపు దగ్గర చెల్లించేశాడు. బీమా పేరుతో వచ్చేది గాయపడ్డ మనిషి దాటి పోకూడదు.

రుసుము వేయక తప్పదంటే, హాని చేయగల శక్తిని బట్టి వేయాలి. థర్డ్ పార్టీ రేట్లలో ఈ న్యాయం కొంత ఉంది. బైకుకు 714, పెద్ద లారీకి 43,950 అన్నది అందుకే. కానీ అధిక లోడుకూ ప్రీమియానికీ సంబంధం లేదు. అనుమతించిన బరువుకు పాలసీ తీసుకుని, దాన్ని మించి కంకర నింపుకుని వెళ్లే టిప్పర్ ఏడాదంతా ఆ తేడాను జనం ప్రాణాల మీద వేస్తోంది. క్రషర్ దగ్గర తూకం చీటీ ఉంటుంది, ఆర్టీఏ దగ్గర చలానాల లెక్క ఉంటుంది, కంపెనీ దగ్గర పాలసీ ఉంటుంది. ఈ మూడింటినీ కలిపి చూసి, అధిక లోడుతో పట్టుబడిన వాహనానికి మరుసటి ఏడు ప్రీమియం పెంచితే ఏ సెస్సూ ఇవ్వని ఫలితం వస్తుంది. సేవకు డబ్బు వస్తుంది, ప్రమాదమూ తగ్గుతుంది.

మొయినాబాద్ ఫాంహౌసు కారు యజమానీ, చేవెళ్ల కూరగాయల ఆటో డ్రైవరూ, తాండూరు నాపరాయి లారీ యజమానీ ఒకే రోడ్డు వాడుకుంటున్నారు. ముగ్గురి మీదా ఒకే మొత్తం సెస్సు వేస్తే అది ఆటో డ్రైవరుకే బరువు. బండిని బట్టి, బరువును బట్టి, గత ఏడాది నడవడికను బట్టి మారని రుసుము న్యాయమైనదని చెప్పలేం.

తేలిన మాట

బీమా సొమ్ములో ప్రజాసేవకు వాటా ఉండాలన్న సూత్రం మీద ఇక వాదన అక్కర్లేదు. 2019 సవరణ, 2025 మే నోటిఫికేషన్ దాన్ని చట్టం చేశాయి. 2023లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1.72 లక్షల మందికి పైగా చనిపోయారు. ఇంత నష్టాన్ని సొంత జేబు మీదో, ముఖ్యమంత్రి ప్రకటించే ఎక్స్‌గ్రేషియా మీదో వదిలేయడం కుదరదు. ఎక్స్‌గ్రేషియాకు ఇంకో లోపం ఉంది. 19 మంది ఒకేసారి పోతే ప్రకటన వస్తుంది. అదే రోడ్డు మీద ఒక్కొక్కరుగా పోయిన 19 మందికి రాదు. బీమా నిధి అయితే ఆ ఒక్కొక్కరికీ సమానంగా వర్తిస్తుంది.

అయితే ఇప్పటికే పన్ను కడుతున్నవాడి మీద కొత్త సెస్సు వేయడానికి ముందు, కట్టిన పన్నుకు లెక్క చెప్పాలి. మోటారు బీమా మీద వచ్చే జీఎస్టీలో రాష్ట్ర వాటా ఏటా ఎంతో శాసనసభ ముందు పెట్టాలి. అంత సొమ్మును 108కీ, జాతీయ రహదారుల పక్కనున్న ప్రభుత్వాసుపత్రుల అత్యవసర విభాగాలకూ కేటాయించాలి. ప్రభుత్వాసుపత్రి చికిత్స ఖర్చును బీమా కంపెనీ నుంచి రాబట్టాలి. ఆర్టీసీ పరిహార నిధిలో ఎంత ఉందో ఏటా ప్రకటించాలి. బీమా లేని బండిని పట్టుకునే పనిని రోడ్డు మీది తనిఖీకి వదలకుండా ఆర్సీ లావాదేవీలకూ, చలానాలకూ ముడిపెట్టాలి. ఇవన్నీ చేశాక కూడా డబ్బు చాలకపోతే, అప్పుడు హానిని బట్టి మారే రుసుము గురించి రాష్ట్రం జనాన్ని అడగొచ్చు, జనం ఇవ్వొచ్చు.

ఇవి చేయకుండా సెస్సు బిల్లు తెస్తే, చేవెళ్ల ఎమ్మెల్యే నుంచి తాండూరు ఎమ్మెల్యే దాకా ఈ రోడ్డు మీద ఓట్లడిగిన ప్రతి ఒక్కరూ సభలో ఒక్క ప్రశ్న వేయాలి: కొత్త బైకు బీమా మీద మీరు తీసుకున్న 347 రూపాయల్లో మీర్జాగూడకు వచ్చింది ఎంత?